చెయ్యి కనపడని చోట

ఆవిడ మెట్లెక్కి వస్తున్నట్టుంది. లిఫ్టు పొద్దుటి నుంచీ పనిచెయ్యడం లేదు, కింద వాచ్‌మన్ ఆ సంగతి చెప్పే ఉంటాడు, చెప్పినా వెనక్కి తిరిగే మనిషి కాదు, అందుకని ఒక్కో మలుపు దగ్గరా ఆగి, ఊపిరి కూడదీసుకుని, మళ్ళీ ఎక్కుతోంది. ఎదురెళ్ళొచ్చు. చేతిలో సంచీ ఉంటే అందుకోవచ్చు. ఎదురెళితే ఆయాసపడుతుండగా చూసినట్టవుతుంది, వెళ్ళకపోతే పెద్దావిడ అంత కష్టపడి ఎక్కుతుంటే కుర్చీలో కూచున్నట్టవుతుంది, ఏం చేసినా తప్పే అయ్యే చోటికి తనంతట తనే వచ్చి కూచున్నాడు. స్క్రీను మీద చుక్కల మనిషి వంగిన చోటే ఆగి ఉంది. చేతులు ఉండవలసిన చోట ఏమీ లేదు. పక్క కుర్చీ తుడిచాడు, ఇందాకా తుడిచాడు, మళ్ళీ తుడిచాడు. స్పీకరు తీగ ఊడి బల్ల మీద పడి ఉంది. అది ఊడిపోలేదు, పొద్దున్నే వచ్చి తనే లాగేశాడు, లాగేటప్పుడు తీగ వదులైంది కాబోలని తనకి తాను చెప్పుకున్నాడు కూడా. "ఆవిణ్ణే పిలిపించాను, పక్కన కూచోబెట్టుకుని అడుగు. అక్కడ చేతులేం చేశాయో ఆవిడకి తప్ప దేవుడిక్కూడా తెలీదు" అన్నాడు డైరెక్టరు. ఫోన్లో అడిగితే సరిపోదా సార్ అంటే, చెయ్యి ఎక్కడుందో ఫోన్లో ఎలా చూపిస్తారయ్యా అన్నాడు. నిజమే. ఎలా చూపిస్తారు.

పని చెప్పుకోవడానికి సులువైనదే. నల్లటి బిగుతు దుస్తుల మీద మెరిసే గోళీలు అంటిస్తారు, వాటిని మార్కర్లంటారు. హాలు చుట్టూ పైన బిగించిన కెమేరాలకి మనిషి కనిపించదు, ఆ గోళీలే కనిపిస్తాయి. వాటి కదలికని బట్టి కంప్యూటరు లోపల ఒక ఎముకల మనిషి లేచి నడుస్తుంది. తర్వాత ఆ ఎముకలకి ఎవరి ఒళ్ళు కావాలంటే వాళ్ళ ఒళ్ళు తొడుగుతారు. మనిషి వంగినా, ముడుచుకున్నా, ఎవరినైనా వాటేసుకున్నా కొన్ని గోళీలు కెమేరాల కంట పడవు, అంతసేపూ అక్కడ గ్యాపు. ఆ గ్యాపులు పూడ్చడం అతని ఉద్యోగం. బళ్ళో మీ నాన్న ఏం చేస్తారని అడిగితే గుంతలు పూడుస్తాడని చెప్పొచ్చింది కూతురు, టీచరు రోడ్ల కాంట్రాక్టరు అనుకుని గౌరవంగా చూడ్డం మొదలెట్టింది. ఆ సంగతి ఆఫీసులో చెప్పి నవ్వించాడు. నవ్వించడం అతనికి వచ్చు. పొద్దస్తమానం చీకటి గదిలో చుక్కలు కలుపుతూ కూచునే మనుషుల మధ్య, నోరు తిరగడమే పెద్ద ఆస్తి అనుకుంటూ వచ్చాడు. మాట వదిలితే చిలక నవ్వాలి. చిలక అంటే పక్క బల్ల కుర్రాడు, అన్నదే అంటాడని ఆ పేరు. వాడు నవ్వితే మిగతా గది నవ్వుతుంది, గది నవ్వితే ఆ పూటకి కడుపు నిండినట్టుంటుంది.

ఆ రోజు కూడా అలాగే నవ్వారు. యుద్ధం మీద తీస్తున్న వీడియో గేమ్. తగలబడుతున్న ఇంట్లోంచి ఒక తల్లి కొడుకుని బయటికి ఈడ్చుకొచ్చే సీను. కొడుకు బదులు ఇసక నింపిన గుడ్డబొమ్మ, మనిషంత బరువు. సన్నటి అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు లాగి చూశారు, లాగుతున్నట్టు నటించారు గాని లాగలేదు, బరువు అబద్ధమాడదంటూ డైరెక్టరు ఈవిణ్ణి రప్పించాడు. నాటకాల్లో ఆవిడ పేరు పెద్దది, యాభై దాటింది, భారీ మనిషి. ఆ పొద్దున ఆవిడ చేతులకి గోళీలు అంటించింది అతనే. మడతలు పడిన పెద్ద అరిచేతులు, వెచ్చగా ఉన్నాయి. "తీసేటప్పుడు లాగుతుందా బాబూ?" అని అడిగింది. చీమ కుట్టినంత అన్నాడు. అయితే పెద్ద చీమే అయ్యుంటుంది అని నవ్వింది. మంచావిడ అనుకున్నాడు, అనుకుని, అద్దం వెనక గదిలోకి వచ్చి, హాల్లోకి వినపడే మైకు దగ్గర కూచున్నాడు. టేకు మొదలైంది. ఆవిడ గుడ్డబొమ్మ చంకల్లో చేతులు దూర్చి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ, మోకాళ్ళు వణికేలా లాగుతోంటే గదిలో అందరూ అద్దంలోంచి ఆవిణ్ణే చూశారు. తర్వాత పై కప్పు కూలుతుంది, అంటే కూలిందని డైరెక్టరు చప్పట్లు కొడతాడు, ఆవిడ బొమ్మ మీద వాలిపోయి దాన్ని పూర్తిగా కప్పేసింది. కప్పెయ్యగానే స్క్రీను మీద నడుం ముందరి గోళీలు పోయాయి, తర్వాత మణికట్లు, తర్వాత వేళ్ళు. మార్కర్లు ఎక్కడ దాక్కున్నాయి గురూ అన్నాడు చిలక. అక్కడ, ఆ క్షణంలో, ఏదో ఒకటి అనకుండా ఉండొచ్చు. నోరు ఉన్నదే అందుకన్నట్టు అన్నాడు. దాక్కోలేదురా, అమ్మగారి పొట్ట మింగేసింది అన్నాడు. ఇంకో టేకు తీస్తే కెమేరాలు కూడా మిగలవు అన్నాడు. గదంతా నవ్వింది, ఆ నవ్వు అద్దానికి అవతల హాల్లోంచి కూడా వినిపించింది, హాల్లో నవ్వేవాళ్ళెవరూ లేరే అనుకుంటూ చూస్తే మైకు మీద ఎర్ర దీపం వెలుగుతోంది.

ఆవిడ టేకు ఆపలేదు. అది ఇప్పటికీ మింగుడు పడదు. ఆపి లేచుంటే, ఎవరది అని అరిచుంటే, తిట్టుంటే, పరిగెత్తుకెళ్ళి కాళ్ళ మీద పడిపోయేవాడేమో. చివరిదాకా చేసింది. చేసి లేచి, దుమ్ము దులుపుకుని, అద్దం వైపు చూడకుండా, "సరిపోయిందాండీ, ఇంకోటి చేద్దామా?" అని అడిగింది డైరెక్టర్ని. ఆయన ఇటు చూశాడు, అటు చూశాడు, నడుం దగ్గర గోళీలు కనపడట్లేదటమ్మా, కొంచెం, అని చేత్తో తన పొట్ట లోపలికి నొక్కుకుని చూపించాడు. ఇంకోటి చేశారు. ఆ రెండో టేకు అతని దగ్గరుంది, ఒక్క గ్యాపు లేదు, ప్రతి గోళీ మొదట్నుంచీ చివరిదాకా కనిపిస్తుంది, ఇంత శుభ్రమైన డేటా అతని చేతికి ఎప్పుడూ రాలేదు, అది చచ్చిన డేటా. ఎముకల మనిషి వీపు నిటారుగా పెట్టుకుని, ఛాతీ కదలకుండా, మూట మోస్తున్న కూలీలా బొమ్మని జరుపుతుంది. మొదటి టేకులో ఛాతీ గోళీలు ఊపిరికి పైకీ కిందికీ అలల్లా ఊగుతాయి, రెండో దాంట్లో ఆ గీత బల్లపరుపుగా ఉంది. అంతసేపూ ఆవిడ పొట్ట లోపలికి పీల్చుకుని ఉంది. డైరెక్టరు రెండూ చూసి, రెండోది పారెయ్, మొదటిదే కావాలి, గ్యాపులు నువ్వు పూడ్చుకో అన్నాడు. ఇద్దరూ ఒకావిడేనా, ఏమైంది ఈవిడకి మధ్యలో అని కూడా అన్నాడు, నిజంగానే తెలీనట్టు.

అమ్మ బట్టలు కుట్టేది. ముందు గదిలో తెర కట్టి కొలతలు తీసేది, తెర ఇవతల కూచుని అతను ఎక్కాలు వల్లించేవాడు. వచ్చినవాళ్ళందరూ టేపు నడుం చుట్టూ పడగానే ఊపిరి బిగబట్టేవాళ్ళు, తెర ఇవతలికి ఆ నిశ్శబ్దం తెలిసేది, అప్పుడు అమ్మ, "వదిలెయ్యమ్మా, మామూలుగా ఉండు. బిగబట్టి కుట్టించుకుంటే నువ్వే కూచోలేవు" అనేది. కొలత ఎంతో పైకి అనేది కాదు. పక్కింటావిడ ఒకసారి, ఫలానా ఆవిడ నడుం ఎంతొచ్చిందేమిటి అని నవ్వుతూ అడిగితే, ఏమో ఒదినా, గుర్తులేదు అని కత్తెర అందుకుంది. అన్నీ గుర్తుండేవి అమ్మకి. ఆ అమ్మ కొడుకు. ఇప్పుడు తన దగ్గర టేపు లేదు గాని ఊళ్ళో మనుషుల ఒళ్ళు కొలిచే పనే, ఎవరి భుజం వాలింది, ఎవరి మోకాలు లోపలికి తిరిగింది, ఎవరు కుంటుతున్నారో వాళ్ళకన్నా ముందు తనకి తెలుస్తుంది, అలా ఒళ్ళప్పజెప్పి నిలబడ్డ మనిషిని పట్టుకుని. ఆ టేకుల రోజు సాయంత్రం ఇంటికెళ్ళి భార్యకి ఇదంతా హాస్యంగానే చెప్పాడు. ఎందుకు చెప్పాడో. చెబితే తేలికవుతుందనుకున్నాడో, ఆమె కూడా నవ్వితే అంత పెద్ద విషయమేం కాదని తేలిపోతుందనుకున్నాడో. ఆమె నవ్వింది. నవ్వి, "పాపం, ఆవిడ గాని విందా?" అంది. లేదులే అన్నాడు. ఎంత చులాగ్గా వచ్చేసిందో ఆ లేదులే. కాసేపటికి ఆమె లేచి కుర్తా కిందికి లాక్కుంటూ వంటింట్లోకి వెళ్ళింది. ఇద్దరు పిల్లల తర్వాత ఆమె ప్రతి ఫోటోలోనూ హ్యాండ్‌బ్యాగు పొట్టకి ఎదురుగా పట్టుకుని నిలబడుతుంది. ఇన్నాళ్ళూ ఆ బ్యాగంటే ఆమెకి ఇష్టం అనుకున్నాడు.

తలుపు దగ్గర నీడ పడింది. లేచి నిలబడ్డాడు, కుర్చీ వెనక్కి పడబోతే పట్టుకున్నాడు. మామూలు నూలు బట్టల్లో ఆవిడ ఇంకా పొడుగ్గా కనిపించింది. రండమ్మా, కూచోండి, నీళ్ళు తెమ్మంటారా అని అన్నీ ఒకేసారి అన్నాడు. కాసేపు మాట్లాడలేనని చేత్తో సైగ చేసి, కూచుని, కొంగుతో మెడ తుడుచుకుంది. అతను స్క్రీను వైపు తిరిగి, దాగిపోయిన నడుం గోళీలు వీపు గోళీల లెక్క ప్రకారం ఎలా తిరిగి తెచ్చాడో చెప్పడం మొదలెట్టాడు, అడక్కపోయినా, నడుం అనకుండా, ముందర భాగం, ముందర భాగం అంటూ. ఆవిడ విన్నది. ఎముకల మనిషి బొమ్మని ఈడుస్తూ వెనక్కి నడిచింది, కప్పు కూలే చోట వాలింది, చేతులు మాయమయ్యాయి. ఇక్కడ కంప్యూటర్ని పూడ్చమంటే ఇలా చేస్తోందండీ అని చూపించాడు. గ్యాపు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి చెయ్యి నిద్రలో జరిగినట్టు తిన్నగా జరిగింది. ఆవిడ కళ్ళు చిట్లించి చూసింది.

"చప్పుడు లేదేం?"

"స్పీకరు సరిగ్గా పనిచెయ్యట్లేదండి."

"చప్పుడు లేకపోతే నాకు గుర్తురాదు బాబూ. నా ఊపిరి వింటే గాని చెయ్యి ఎక్కడుందో తెలీదు." బల్ల వైపు చూసింది. "ఆ తీగ పెట్టి చూడు, పనిచేస్తుందేమో."

పెట్టాడు. పెట్టకుండా ఉండే దారి ఒక్కటీ తోచలేదు, కరెంటు పోతే బాగుండుననుకున్నాడు, ఎవరైనా ఫోన్ చేస్తే బాగుండుననుకున్నాడు. ఆ రోజు హాల్లో తీసిన వీడియో పెట్టాడు. నేల మీద మూట రాసుకుపోతున్న చప్పుడు, ఆవిడ ఆయాసం, చప్పట్లు, వాలిన చప్పుడు. దాని కింద సన్నగా, ఇన్ని రోజులూ చప్పుడు ఆపేసుకుని తను వినకుండా తప్పించుకున్నది, వచ్చేశాం నాన్నా, వచ్చేశాం, అయిపోయింది, అని కొడుకుతో గొణుగుతోంది. దాని మీద పడింది అతని గొంతు. ఎంత సంతోషంగా ఉందో ఆ గొంతు. బస్సులో వెనక సీట్లోంచి వినపడితే, ఎవడ్రా వీడు అని తిరిగి చూడాలనిపించే గొంతు. పొట్ట అన్న మాట దగ్గర కొంచెం సాగదీశాడు కూడా, ఆ సంగతి గుర్తులేదు. తర్వాత నవ్వులు, చిలకది అన్నిటికన్నా పైన. నవ్వులయ్యాక ఒక ఖాళీ, ఊపిరి కూడా వినపడనంత ఖాళీ, తర్వాత మళ్ళీ, వచ్చేశాం నాన్నా.

"మళ్ళీ పెట్టు" అంది ఆవిడ.

మళ్ళీ పెట్టాడు. ఆవిడ కళ్ళు మూసుకుని, ఒళ్ళో చేతులు కొద్దికొద్దిగా కదుపుతూ వింది. అతని మాటల్ని వింటున్నట్టు లేదు, వాటి కిందున్న తన ఊపిరిని వెతుక్కుంటోంది, జనం గోలలో పిల్లాడి ఏడుపు పోల్చుకునే మనిషిలా. ఇంకోసారి అంది. ఇంకోసారి అతను పొట్ట మింగేసిందన్నాడు, ఇంకోసారి గదంతా నవ్వింది. తను చేసింది ఒక్కసారే అనుకుంటూ వచ్చాడు. అది ఈవిడ చెవిలో ఎన్నిసార్లు తిరిగిందో, మెట్లెక్కుతుంటే తిరిగిందో, అద్దం ముందు తిరిగిందో.

"ఆఁ. ఇక్కడ. ఇక్కడ తీశాను."

"ఏది తీశారండీ?"

"చెయ్యి. పిల్లాడి కళ్ళ మీద నుంచి." కళ్ళు తెరిచి, స్క్రీను మీద చేతుల్లేని మనిషిని చూస్తూ చెప్పింది. "ఎడం చెయ్యి మెడ కింద ఉంది. కుడి చేత్తో కళ్ళు మూశాను, వాడు ఆ మంటలు చూడకూడదని. గుడ్డబొమ్మకి కళ్ళెక్కడివి, అయినా మూశాను. నీ మాట వినపడగానే చెయ్యి ఇక్కడికొచ్చేసింది." ఇక్కడికి అంటూ తన పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. "వెంటనే మళ్ళీ పెట్టేశాననుకో. కానీ తీశాను. చిన్నప్పట్నుంచీ స్టేజీ మీదున్నదాన్ని. చెప్పులు విసిరినా తియ్యలేదు ఎప్పుడూ."

ఆవిడ ముఖం ఎర్రబడింది. సిగ్గుపడుతోంది. ఆవిడ సిగ్గుపడుతోంది, అతని ఎదుట, పని మధ్యలో చెయ్యి తీసినందుకు. అది చూశాక ఇక కూచోలేకపోయాడు, కుర్చీలోంచి సగం లేచి, అమ్మా నేను ఆ రోజు అని మొదలెట్టాడు.

"అడగొద్దు" అంది ఆవిడ. గట్టిగా ఏమీ అనలేదు. "నువ్వు తప్పయిందంటే నేను ఫర్వాలేదులే బాబూ అనాలి. అందరికీ అనీ అనీ నాకదే అలవాటైపోయింది. ఇవాళ అనలేను. కూచో."

కూచున్నాడు. ఎదురుగా గ్యాపు అలాగే ఉంది. ఏం పెట్టమంటారు అని అడిగాడు, చెయ్యి తీసి మళ్ళీ పెట్టినట్టా. తియ్యొద్దు, కళ్ళ మీదే ఉంచెయ్ అంది. అతని నోట్లోంచి, ఏం మొండితనమో, పన్లో చేరినప్పుడు నేర్పిన పాఠం అప్పజెప్పినట్టు, జరిగింది అది కదండీ, లేనిది కల్పించకూడదంటారు అని వచ్చింది.

"జరిగింది నాకు" అంది ఆవిడ. "ఆ తల్లికి జరగలేదు. ఆవిణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. ఆవిడ చెయ్యి ఎందుకు తీస్తుంది?"

సరేనని మౌస్ అందుకున్నాడు. అరచెయ్యి ఏ వాలులో ఉందో తెలియాలి, వేళ్ళు దగ్గరగానా దూరంగానా, బొటనవేలు ఎటు. మాటల్లో అడిగితే తేలలేదు. చివరికి, తల ఇలా పెట్టు అంది. బల్ల అంచు మీద తల వెనక్కి వాల్చాడు. ఒక చెయ్యి మెడ కిందికి వచ్చింది, ఇంకోటి కళ్ళ మీద పడింది. చీకటి. గోళీలు అంటించిన రోజున్న వెచ్చదనమే. రెప్పలు కొట్టుకుంటున్నాయి, ఆపుకోలేకపోతున్నాడు, అరిచేతికి తడి తెలుస్తుందేమోనని ఊపిరి బిగబట్టాడు.

"కళ్ళు మూసుకో, రెప్పలు గుచ్చుకుంటున్నాయి" అంది ఆవిడ. "చూసుకున్నావా వేళ్ళు ఎలా ఉన్నాయో? ముక్కు మూసుకుపోకూడదు. మంటల్లోంచి తెచ్చి నేనే ఊపిరాడకుండా చేసినట్టవుతుంది."

చూసుకున్నానండీ అన్నాడు. తర్వాత చాలాసేపు పనే. మోచెయ్యి కనిపించినంత మేర దాన్ని ఆధారంగా పట్టుకుని, మణికట్టు నిలిపి, వేళ్ళు ఒక్కొక్కటే వంచాడు. ఆవిడ పక్కనుంచి కొంచెం కిందికి, ఇంకొంచెం, అంటూ ఉంది. చెయ్యి కళ్ళ మీద వాలింది, ఇక కదల్లేదు, నవ్వులు ఎక్కడ పడాలో అక్కడ కూడా కదల్లేదు. ఊపిరికి మాత్రం పైకీ కిందికీ ఊగనిచ్చాడు. గేమ్‌లో ఆ తల్లికి నా పొట్ట ఉంటుందా అని అడిగింది ఆవిడ మధ్యలో. ఉండదండీ, సన్నగా గీశారు అన్నాడు, ఈసారి అబద్ధం చెప్పకుండా. "ఊఁ. మొహం ఎవరిదో, నడుం ఎవరిదో. బరువు లాగింది మాత్రం నేను" అని, అక్కడ మోచెయ్యి గాల్లో వేలాడకుండా చూసుకో అంది. చూసుకుంటానన్నాడు. చిలక తలుపు తోసుకుని వచ్చి, ఆవిణ్ణి చూసి బిక్కచచ్చి, స్క్రీను వైపు చూసి, ఏదో ఒకటి అనాలి కాబట్టి, "గురూ, అతుకు తెలియట్లేదు" అన్నాడు. "అవును, బాగా పూడ్చాడు" అంది ఆవిడ. ఆ మెప్పు ముఖం మీద కొట్టినట్టయి, తల దించుకుని ఫైలు సేవ్ చేశాడు.

కిందిదాకా వెంట వెళ్ళాడు. దిగేటప్పుడు ఆవిడ రెయిలింగు పట్టుకుని ముందు, అతను సంచీ పట్టుకుని రెండు మెట్లు వెనక, ఎంత నెమ్మదిగా దిగాలో తెలీక ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించుకుంటూ. గేటు దగ్గర కారు ఇంకా రాలేదు. ఎండ తగ్గింది. రోడ్డవతల షట్టరు దించుతున్నారు. వచ్చేవారం కోట మెట్ల సీను ఉందటగా అంది ఆవిడ, అటే చూస్తూ. ఉందండి అన్నాడు.

"ఆ రోజు అద్దం వెనక ఎవరుంటారు?"

నేనేనండీ, కానీ మీరు వద్దంటే డైరెక్టరుగారితో చెప్పి ఇంకొకర్ని కూచోబెడతాను, నేను లోపలి పన్లో ఉంటాను, మీకు కనపడను, అని గబగబా చెప్పుకొచ్చాడు. నిజంగానే అదే మంచిదనిపించింది, చెబుతున్నకొద్దీ తేలికయింది కూడా. ఆవిడ విని, సంచీ అందుకుంది.

"వద్దు. నువ్వే ఉండు" అంది. "కొత్తవాళ్ళయితే ఇవే మాటలు మళ్ళీ మొదట్నుంచీ వినాలి."

ఎత్తిపొడుపు కాదది. బాగా ఆలోచించుకున్న ఏర్పాటు ఏదో చెప్పినట్టు చెప్పింది. కారు వచ్చి ఆగింది. తలుపు తియ్యబోయాడు, ఆవిడే తీసుకుంది, సీట్లో సర్దుకుని, సంచీ పక్కన పెట్టుకుని, డ్రైవరుకి వెళ్ళాల్సిన చోటు చెప్పింది. వస్తానండీ అనాలో, వెళ్ళిరండి అనాలో, సరేనండీ నేనే ఉంటాను అనాలో తేల్చుకునేలోపు కారు మలుపు తిరిగింది. వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి, లిఫ్టు బాగైంది సార్, ఎక్కండి అన్నాడు.